నాన్న నమ్మిన గ్రానైటు

మా నాన్నకి గ్రానైటు విషయంలో ఒక నమ్మకం ఉండేది. దాన్ని పోగొట్టింది నేను. నిజం చెప్పి పోగొట్టాను కాబట్టి మా అమ్మ తప్ప ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి తలచుకుంటే తప్పు చేసినదానిలాగే నా మనసు ముడుచుకుపోతుంది.

అవి యుద్ధం రోజులు. జపాను వాళ్ళు బాంబులు వేస్తారన్న భయంతో మద్రాసు ఖాళీ అయిపోతున్నప్పుడు మేమూ సామాను సర్దుకుని వినుకొండ చేరాం. నాన్న పుట్టింది నరసరావుపేట దగ్గరే గానీ, అక్కడ మావాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు. ఆయన మద్రాసులో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవాడు. చూపు మందగించి ఉద్యోగం ముందే మానేశాడు. వినుకొండే ఎందుకంటే, దానికి పడమరగా ఉన్న గుట్టల్లో గ్రానైటూ సున్నపురాయీ పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండూ ఆనుకున్న చోట రాగి జాడలుంటాయి. ఆయన రాస్తున్న పుస్తకమంతా ఆ ఆనుకున్న చోటు గురించే.

కొండ కింద వీధిలో ఒక నాపరాళ్ళ ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మేము తెచ్చిన సామానులో బట్టల పెట్టెలకంటే రాళ్ళ పెట్టెలే ఎక్కువ. వాటిని దించుతున్న కూలీలు మూత తీసి చూసి నవ్వారు. అమ్మకి సిగ్గేసింది.

"కొండ కింద కాపురానికొస్తా రాళ్ళు మోసుకొచ్చిన మనిషి ఈయనొక్కడే," అని వాళ్ళకి మంచినీళ్ళిస్తూ అంది.

నాకప్పుడు పెళ్ళి కాలేదు. ఇంటరు చదువు మద్రాసుతోపాటే సగంలో ఆగిపోయింది. కొన్నాళ్ళకి పరిస్థితులు చక్కబడి, కాలేజీలు మళ్ళీ తెరిచినా నేను వెళ్ళలేదు. గుంటూరులో నాన్న కుడికంటికి శుక్లం తీశారు. ఆ తర్వాత కన్ను చీము పట్టి పోయింది. ఎడమకంటితో మనిషి ఆకారం, వెలుగూ నీడా మాత్రం తెలిసేవి. ఇక ఆయన పుస్తకం ముందుకు సాగాలంటే ఆయనకి ఇంకొకరి కళ్ళు కావాలి. ఇంట్లో ఉన్నది నేనే.

నాన్న నమ్మకమేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఒక పొద్దున, అరుగు మీద మజ్జిగ తాగుతూ.

"ఈ పెరుగు ఎక్కడి నుంచి వచ్చిందే అమ్మాయ్?"

"పాలల్లోంచి."

"బయటి నుంచి ఎవరన్నా తెచ్చి గిన్నెలో పోశారా?"

"లేదు. రాత్రి అమ్మ తోడేసింది."

"అంతే. గ్రానైటూ అంతే. ఒకప్పుడు ఇక్కడ బురద రాళ్ళుండేవి. కింద నుంచి వేడి ఆవిర్లు, ద్రవాలు వాటిలోకి ఇంకినయ్. ఉన్నచోటునే, కదలకుండా, మెల్లగా గ్రానైటుగా మారినయ్."

అలా అనుకోనివాళ్ళూ ఉన్నారని, నిజానికి వాళ్ళే ఎక్కువని తర్వాత చెప్పాడు. వాళ్ళ లెక్కలో గ్రానైటు బెల్లప్పాకం లాంటిది. భూమి లోతుల్లో ఎక్కడో కరిగి, పగుళ్ళ వెంట పైకి తోసుకొచ్చి, పాత రాళ్ళ మధ్య చోటు చేసుకుని గట్టిపడిన ముద్ద. ఆ రోజుల్లో ఈ విషయం మీద సముద్రాల అవతల పెద్ద పెద్దవాళ్ళు తగువు పడుతున్నారట. నాన్న కాలేజీలో ఆయనతోపాటు పనిచేసిన ఒక పెద్దాయన పాకం పక్షం. ఇద్దరికీ ఏళ్ళ తరబడి వాదన. ఒకరి ఇంటికి ఒకరు పండగలకి వెళ్ళేవారు, రాళ్ళ దగ్గర మాత్రం మాటలు తెగేవి.

"మరి రాగి ఎక్కడిది నాన్నా?" అని అడిగాను.

ఆ ప్రశ్న ఆయనకి చానా నచ్చింది. గ్లాసు కింద పెట్టేశాడు.

"అదీ అడగాల్సింది. పాకం వాళ్ళేమంటారంటే, పాకమే రాగిని లోపలి నుంచి మోసుకొచ్చిందంటారు. చల్లారేటప్పుడు దానిలోని నీరు రాగిని తీసుకుని బయటికొస్తే, పక్కనున్న సున్నపురాయి దాన్ని పట్టుకుందంటారు. నేనేమంటానంటే, రాగి ఆ పాత బురదలోనే చెదురుమదురుగా ఉంది. బురద గ్రానైటుగా మారేటప్పుడు దానికి చోటు లేకుండా పోయింది. బయటికి జరుగుతా జరుగుతా సున్నపురాయి దగ్గర ఆగిపోయింది. రాగి ఒకటే. పుట్టిల్లు ఎక్కడన్నదే గొడవ."

గ్రానైటుకీ సున్నపురాయికీ మధ్య పుట్టే ఆ రాతిని స్కార్న్ అంటారని కూడా అప్పుడే చెప్పాడు. స్వీడను దేశపు గనుల్లో పనిచేసేవాళ్ళ మాటట. వాళ్ళ భాషలో పనికిరాని చెత్తరాయి అని అర్థమట. గోమేధికం జాతి ఎర్రరాళ్ళూ, పచ్చటి రాళ్ళూ కలిసిన ఆ చెత్తలోనే రాగి దాక్కుంటుందని నవ్వాడు.

ఆయన నాకు చూడటం నేర్పిన తీరు గురించి చెప్పాలి. రాతి ముక్కని గాజుపలకకి జిగురుతో అంటించి, ఎమరీ పొడి వేసి నీళ్ళతో రుద్దుతూ పోతే, చివరికది వెలుతురు అటూ ఇటూ పారేంత పల్చబడుతుంది. నా వేళ్ళ చివరలు ఎప్పుడూ గరుకుగా ఉండేవి. అమ్మ నా చేతులకి ఆముదం రాస్తూ, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఈ చేతులు చూసి ఏమనుకుంటారోనని నసిగేది. ఆ పలుచటి ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని నేను చూసేదాన్ని. నాన్న పక్కన పడక కుర్చీలో కళ్ళు మూసుకుని వినేవాడు.

"ఏం కనపడతాంది?"

"క్వార్ట్జు."

"పేరు చెప్పొద్దన్నానా? పేరు నేను పెట్టుకుంటా. నువ్వు కనపడింది చెప్పు."

"రంగు లేదు. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. తిప్పితే ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా అవుతోంది."

"ఆఁ. అట్టా చెప్పు."

మొదట్లో విసుగ్గా ఉండేది. తర్వాత ఎప్పుడు మారిందో తెలియదు, పొద్దున లేవగానే కిటికీ దగ్గరికి పోవాలనిపించేది. నేను చెప్పేదాన్ని బట్టి ఆయన ముఖం వెలిగేది, మబ్బు పట్టేది. ఒకోసారి మధ్యాహ్నం భోజనానికి అమ్మ ముమ్మారు పిలిచేది.

ఇక మిగిలింది ఆఖరి అధ్యాయం. గ్రానైటూ సున్నపురాయీ కలిసేచోట రెండింటి మధ్యా గీత గీసినట్టు హద్దు ఉండదని నాన్న వాదన. పాలు ఎక్కడ ఆగాయో పెరుగు ఎక్కడ మొదలైందో చెప్పలేనట్టు, ఒకటి ఇంకొకటిలోకి మెల్లగా కలిసిపోవాలి. సున్నపురాయి పొరలు గ్రానైటులోకి కూడా మరకల్లాగా అదే దిక్కున సాగి కనబడాలి. పైన గుట్ట మీద అంతా ఎండకీ వానకీ చివికిపోయి ఏమీ తేలలేదు. అయితే ఒక గుట్ట వాలులో పాతకాలం వాళ్ళెవరో రాగికోసం తవ్వి వదిలేసిన గొయ్యి ఒకటుంది. దాని లోపలి గోడ చెక్కుచెదరకుండా ఉంటుందని, అదే తన సాక్ష్యమని నాన్న ఆశ.

వానలు వెనకబట్టాక బయల్దేరాం. మా వీధిలోనే ఉండే ఒక సాయిబుగారికి ఎడ్లబండి ఉండేది. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. నాన్న ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయన బండే. కిరసనాయిలు దొరక్క ఊరంతా అల్లాడుతున్న కాలం, గోతిలోకి లాంతరు తీసుకెళ్ళే వీల్లేదు. బాబాయ్ ఒక ఉపాయం చెప్పాడు. గోడకి తగిలించుకునే అద్దం ఒకటి తెస్తే, గట్టు మీద నిలబడి ఎండని లోపలికి కొట్టొచ్చన్నాడు. అమ్మ తన అద్దం ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. నేనడిగితే చీరల మధ్య చుట్టి మరీ ఇచ్చింది.

గొయ్యి మరీ లోతేం కాదు, ఒక రెండు నిలువులుంటుంది. ఒకవైపు పాతకాలం నాటి మెట్ల ఆనవాళ్ళున్నాయి. నాన్న దిగుతానన్నాడు.

"అయ్యగారూ, జారితే నడుం విరుగుద్ది. అమ్మాయిని దిగనియ్యండి," అన్నాడు బాబాయ్.

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నడుముకి మోకు కట్టించుకుని నేను దిగాను. లోపల చల్లగా ఉంది. గబ్బిలాల వాసన. బాబాయ్ పైనుంచి అద్దం తిప్పగానే ఒక చాప పరిచినంత వెలుతురు ఎదుటి గోడ మీద పడి అటూ ఇటూ ఊగి నిలబడింది.

"ఏం కనపడతాంది అమ్మాయ్?" పైనుంచి నాన్న గొంతు.

"ఎడమవైపు తెల్లరాయి. చలువరాయిలాగా పలుకులు మెరుస్తున్నాయి. పొరలు తెలుస్తున్నాయి. కుడివైపు గ్రానైటు."

"మధ్యలో?"

"మధ్యలో ఎర్రగా బెత్తెడు పట్టీ. గోమేధికం రంగు. అక్కడక్కడ చిలకపచ్చ మరకలు. ఇత్తడిలా మెరిసే చుక్కలు కూడా ఉన్నాయి నాన్నా!"

"రాగి! అదే రాగి!" పైన నాన్న చేతులు చరిచినట్టు వినపడింది. "పట్టీకీ గ్రానైటుకీ మధ్య అంచు ఎట్టా ఉంది? అలుక్కుపోయినట్టుందా?"

"లేదు. కత్తితో కోసినట్టుంది."

పైన చేతికర్ర గట్టు రాతికి తగిలిన చప్పుడు.

"గ్రానైటు పలుకులు చూడు. అంచు దగ్గరా, దూరంగానూ."

వేలితో తడుముతూ చూశాను. దూరంగా ఉన్న రాతిలో పలుకులు కందిగింజలంత ఉన్నాయి. అంచు దగ్గరికి వచ్చేసరికి నలగ్గొట్టిన నూకలాగా, ఇంకా దగ్గర పిండిలాగా సన్నబడిపోయాయి. అదే చెప్పాను. అలా చెబుతూ ఉంటే నాలో ఏదో ఉత్సాహం. ఎన్నో నెలలుగా గాజుపలక మీద చిన్న చిన్న ముక్కలు చూసిన నాకు మొదటిసారి ఒక రాతి గోడ మొత్తం తన కథ తనే చెబుతున్నట్టనిపించింది. బాబాయ్‌ని అద్దం కుడివైపుకి తిప్పమని కేకేశాను.

"నాన్నా! గ్రానైటులో తెల్లరాతి ముక్కలున్నాయి! చానా ఉన్నాయి. ఒకోదాని చుట్టూ ఎర్రటి పెంకు కట్టింది."

"ముక్కల్లో పొరలున్నాయా?"

"ఉన్నాయి."

"ఏ దిక్కున పోతన్నయ్? గోడలో పొరల దిక్కునేనా?"

"కాదు. ఇదిగో ఈ ముక్కలో నిలువుగా ఉన్నాయి. దాని పక్కదానిలో ఏటవాలుగా. ఇంకోటి తలకిందులై పడినట్టుంది. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. పాకంలో వేరుశనగ పలుకులు..."

అక్కడ ఆగాను. పాకం అన్న మాట నా నోట్లోంచి వచ్చాకగాని నేను చెబుతున్నదేమిటో నాకు తెలియలేదు. రాళ్ళు ఉన్నచోటునే మారి ఉంటే ముక్కలు తిరగవు. తిరిగాయంటే అవి తేలాయి. తేలాయంటే వాటి చుట్టూ ద్రవం ఉంది. చల్లని గోడకి తగిలినచోట ఆ ద్రవం పలుకులు కట్టేంత వ్యవధి లేకుండా బిగుసుకుపోయింది. నాన్న ఒకోటి అడిగినప్పుడల్లా ఆయనకి ముందే అర్థమవుతూ వచ్చిందన్నమాట. నేను కింద నుంచి కేరింతలు కొడుతూ చెప్పుకుంటూ పోయాను.

"నాన్నా?" అన్నాను.

"పైకి రా. ఎండ పోతాంది," అన్నాడు. ఎండ ఇంకా చాలా ఉంది.

దారిపొడుగునా ఆయన బండిలో వెనక్కి తిరిగి, గుట్టల వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఆయనకవి కనబడవు. బాబాయ్‌కి విషయం తెలియకపోయినా ఎడ్లని అదిలించడం కూడా మానేశాడు. నా ఒళ్ళో అద్దం ఉంది, కొంగుముడిలో గోడనుంచి కొట్టి తెచ్చిన రాళ్ళున్నాయి.

ఇంట్లో మాట తగ్గిపోయింది. నాన్న పొద్దునే లేచి అరుగు మీద కూర్చునేవాడు, అంతే. కిటికీ దగ్గరికి రమ్మని పిలిచేవాడు కాదు. పుస్తకం మాటెత్తేవాడు కాదు. అన్నం ముందు పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగితే జరిగింది చెప్పాను. చెప్పినంతలో ఆమెకి ఎంత అర్థమైందో గానీ అసలు సంగతి అర్థమైంది.

"ఏమే, నువ్వట్టా చెప్పకపోతే ఏం పోయేది?"

"నేను చూసింది చెప్పానమ్మా."

"ఆ రాయి కింద నుంచి వస్తే ఏంది, అక్కడే పుడితే ఏంది? ఎవరికి కావాలే? కళ్ళు పోయినయ్, ఉద్యోగం పోయింది. ఆ పుస్తకమొక్కటి పట్టుకుని ఉన్నాడు మనిషి. నీ నోటితోనే దాన్నీ..." కొంగుతో ముక్కు తుడుచుకుని పొయ్యి ఊదుతూ కూర్చుంది.

ఆమె తిట్టినందుకు కాదు నా బాధ. ఆమెకి తెలియనిదొకటి నాకు తెలుసు. గోతిలో ఆ తిరిగిపోయిన ముక్కలు చూసినప్పుడు నాకు కలిగింది సంతోషం. అంతకుముందు అంతటి సంతోషం నాకు తెలియదు. పైకొచ్చి నాన్న ముఖం చూశాక కూడా అది వెంటనే పోలేదు. బండిలో ఆయన వీపు చూస్తూ ఏడుపు వస్తున్నా, లోపల ఒక మూల ఆ గోడే మెరుస్తూ ఉంది. తండ్రి జీవితమంతా కట్టుకున్నది కూలుతుంటే ఆనందపడే కూతురుంటుందా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

చివరికి ఉండబట్టలేక అరుగు మీదికి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"నాన్నా, అద్దం వెలుతురు ఊగుతూ ఉంది. నేను సరిగా చూసుండకపోవచ్చు. ముక్కల్లో పొరలనుకున్నవి పగుళ్ళేమో."

ఆయన నా వైపు తిరిగాడు. నా చిన్నప్పటి నుంచీ నన్ను పల్లెత్తు మాటనని మనిషి.

"తెచ్చిన ముక్కలు రుద్దావా?"

"రుద్దాను."

"ఏం కనపడ్డది?"

నేను గోళ్ళలో ఇరుక్కున్న ఎమరీ పొడి గీక్కున్నాను.

"పగుళ్ళా, పొరలా?"

"పొరలు."

"మరి అబద్ధం ఎందుకు చెప్తన్నావ్? నా మీద జాలిపడి రాయిని మారుస్తావా? నీకు నేను నేర్పింది ఇదా?" చేతికర్ర నేలకేసి కొట్టాడు. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి చూశారు. "నా కళ్ళు పోయినప్పుడు కూడా నేను గుడ్డివాణ్ణనుకోలేదే అమ్మాయ్. నువ్విట్టా చేస్తే అయినట్టే."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన నన్ను ఊరుకోబెట్టలేదు. చాలాసేపటికి, "సాయిబుని రమ్మను. నేను దిగాలి," అన్నాడు.

అమ్మ గోల చేసింది. బాబాయ్ కూడా మొదట ఒప్పుకోలేదు. నాన్న పట్టు వదలకపోతే, తన ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకొచ్చాడు. గోతి గట్టున దుంగ అడ్డం వేసి, పీటకి మోకులు కట్టి ఉయ్యాలలా చేశారు. నాన్నని అందులో కూర్చోబెట్టి మెల్లగా దించుతుంటే, కింద నిలబడి ఆయన పాదాలు పట్టుకుని నేను నేలకి ఆనించాను. ఆయన అంత తేలిగ్గా ఉంటాడని నాకు అప్పటిదాకా తెలియదు.

"పొరల దగ్గరికి తీసుకుపో."

ఆయన చెయ్యి పట్టుకుని తెల్లరాతి మీద పెట్టాను. ఆ తర్వాత నా అవసరం లేకపోయింది. గోరుతో ఒకో పొరనీ మీటుతూ, పట్టీ మీదికి, పట్టీ దాటి గ్రానైటు మీదికి జరిగాడు. అంచు దగ్గర ఆగి చెంప ఆనించాడు. నాలుకతో తడి చేసి మళ్ళీ తడిమాడు. వెనక్కి పోయాడు, ముందుకొచ్చాడు. పలుకులు సన్నబడే చోట ఆయన వేళ్ళు ఏదో ఇంట్లో చీకట్లో గడప వెతుక్కుంటున్నట్టు తచ్చాడాయి. తర్వాత ముక్కలు. ఒకో ముక్క చుట్టూ ఉన్న పెంకునీ, లోపలి పొరలనీ తడుముతూ, వాటి దిక్కుని రెండో చేత్తో గాలిలో చూపించుకున్నాడు. ఒకటి ఇటు. ఒకటి అటు. మోకాళ్ళ ఎత్తులో ఉన్న ఒక పెద్ద ముక్క దగ్గర కూలబడి, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉండిపోయాడు.

"వచ్చిందమ్మాయ్," అన్నాడు చివరికి. "ఇది ఇక్కడ పుట్టింది కాదు. వచ్చింది. వస్తా వస్తా దీన్ని విరుచుకుని వచ్చింది."

ఆయన ముఖం మీద ఏముందో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. పైన బాబాయ్ అద్దం పట్టుకున్న చేతులు నొప్పి పుట్టి కాబోలు, వెలుతురు కాస్త పక్కకి జరిగింది.

ఆ తర్వాత ఆయన పుస్తకాన్ని కట్టగట్టి అటక మీద పెట్టించాడు. చింపలేదు, కాల్చలేదు. పొద్దునపూట నాచేత ఒక చిన్న వ్యాసం రాయించడం మొదలుపెట్టాడు. తాను ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చింది ఈ గుట్ట విషయంలో తప్పని, గ్రానైటు ద్రవంగా వచ్చిందని, ఎర్ర పట్టీనీ రాగినీ పుట్టించింది ఆ రాకేనని. చూసింది తన కూతురని కూడా ఒక వాక్యం పెట్టమన్నాడు. నేను ఆ వాక్యం రాయలేదు. తిరిగి చదవమన్నప్పుడు అది లేదని పట్టుకున్నాడు. మళ్ళీ చెప్పి, నా కలం గీరుకునే చప్పుడు విన్నాకగాని ముందుకు పోలేదు.

గుంటూరులో ఒక సభలో దాన్ని చదవడానికి ఒప్పుకున్నాడు. చదవడమంటే కంఠస్థం చెప్పడమే. నేను వెనక బెంచీలో ఆడవాళ్ళ వరసలో ఒక్కదాన్నే కూర్చున్నాను. "నేను పొరపడ్డాను" అని ఆయన అన్నప్పుడు ముందు వరసలో ఇద్దరు కుర్రలెక్చరర్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. వాళ్ళ నవ్వు ఆయనకి కనబడలేదు, నాకు కనబడింది. మద్రాసు నుంచి ఆ పాకం పక్షపు పెద్దాయన కూడా వచ్చాడు. నాన్న దిగి వస్తుంటే ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ అలాగే కాసేపు నిలబడ్డారు. గెలిచినాయన ముఖంలో గెలుపు లేదు. తనకి ఇక వాదించడానికి మనిషి లేకుండా పోయాడని దిగులుపడినట్టుంది.

తిరుగు రైల్లో నాన్న హుషారుగా ఉన్నాడు. నరసరావుపేట స్టేషన్లో మిరపకాయ బజ్జీలు కొనమన్నాడు. ఆయన తింటున్నాడు గానీ నేను నాది చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

"ఏడుస్తన్నావా?"

"లేదు."

"ముక్కు ఎగబీలుస్తన్నావ్, నాకు వినపడుద్ది." బజ్జీ పొట్లం నా వైపు జరిపాడు. "ఆరోజు గోతిలో నువ్వు చానా సంబరపడ్డావు గదా?"

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"నీ గొంతులో తెలిసిందే. కళ్ళు లేనోడికి గొంతేగా ముఖం," అన్నాడు.

"క్షమించు నాన్నా."

బయట మిరపచేలు పోతున్నాయి. ఇంజను బొగ్గునుసి కిటికీలోంచి వచ్చి మీద పడుతోంది.

"కోపం వచ్చింది," అన్నాడు. "అబద్ధం ఎందుకు, చానా కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది. నీ వయసులో నేను కూడా ఒక గోతిలో అట్టాగే అరిచేవాణ్ణి. అదీ గుర్తొచ్చింది. రెండూ ఉన్నయ్. ఏం చెయ్యమంటావు?"

పెద్దవాళ్ళు ఇలాంటప్పుడు పోనీలే అంటారు. ఆయన అనలేదు. అందుకు నేను ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అందుకే నా బరువు దిగలేదు కూడా.

ఆ వేసవిలో ఆయన్ని కొత్త ప్రశ్న పట్టుకుంది. గ్రానైటు వచ్చిందే అనుకుందాం, ఎక్కడి నుంచి వచ్చింది? భూమి అట్టడుగున మొదటి నుంచీ ఉన్న నల్లటి ద్రవంలోంచి విడిపోయి వచ్చిందా, లేక పైనున్న పాత రాళ్ళే లోతుకి దిగబడి, అక్కడి వేడికి కరిగి మళ్ళీ పైకొచ్చాయా? నాన్నకి రెండోదాని మీద మనసు. అలా అయితే తన పాత బురదే కిందికి పోయి, కరిగి, రాగిని కూడా వెంటబెట్టుకుని తిరిగొచ్చిందనుకోవచ్చు. ఓడిపోయిన వాదనలో సగమైనా బతుకుతుంది. అటక మీది పుస్తకం మాట మళ్ళీ ఎత్తుతాడేమోనని నాకు అనిపించేది. కిటికీ దగ్గర నా కుర్చీ మళ్ళీ వేయించాడు. గ్రానైటులో బురద జ్ఞాపకం ఏమన్నా మిగిలుంటే, అభ్రకంలోనో గోమేధికంలోనో చిన్న ఆనవాలుంటే కనబడాలి కదా అని నాచేత ముక్క తర్వాత ముక్క చూపించాడు.

ఒక మధ్యాహ్నం నేను ఆయనకి చెప్పాల్సి వచ్చింది.

"నాన్నా, దీన్ని బట్టి అటూ చెప్పలేం, ఇటూ చెప్పలేం. నువ్వు కోరుకునేది ఇందులో లేదు. లేదని కూడా ఇది చెప్పటంలేదు."

"సరిగ్గా చూడు."

"చూశాను. నాకు కనబడటంలేదు."

"నీ కళ్ళకి అలసటొచ్చిందేమో."

"రాలేదు."

"అయితే ఇంకా పల్చగా రుద్దు."

"ఇంతకంటే పల్చగా రుద్దితే గాజే మిగులుతుంది."

ఆయన గొంతు పెంచాడు. నేనూ పెంచాను. ఆయనకున్న ఆ కాస్త ఆశనీ మళ్ళీ నేనే తీసేస్తున్నానని తెలిసీ, కాదన్నాను. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, బురద ఎంత లోతుకి దిగితే ఎంత వేడికి కరుగుతుందో వేళ్ళ మీద వాదించడం మొదలుపెట్టాడు. చానా రోజుల తర్వాత ఆయన చెంపల్లోకి రక్తం వచ్చింది.

అమ్మ గుమ్మంలోకి వచ్చి మా ఇద్దరినీ చూసింది. లోపలికి పోయి రెండు కంచాలు తెచ్చి, రాళ్ళు పక్కకి నెట్టి, మా మధ్య పెట్టింది.

"తింటా కొట్టుకోండి," అంది.